అడిగినదాంట్లో సగం

మందుల గోదాములో ఆ అమ్మాయిని అందరూ పిల్లి అనేవారు. అడుగుల చప్పుడు వినపడదు, మాట అసలే వినపడదు. ఉన్నట్టుండి పక్కన నిలబడి ఉంటుంది, చూసినవాళ్లు ఉలిక్కిపడాలి. తొమ్మిదో తరగతి సగంలో ఉండగా తల్లి తుంటి విరిగి మంచాన పడింది. ఇంట్లో చూసుకోవడానికి ఇంకొకరు లేరు. ఒక్క నెల మానేద్దామనుకున్న బడికి మళ్లీ వెళ్లనేలేదు. ఇరవయ్యో ఏట ఈ గోదాములో అట్టపెట్టెలు కట్టే పని దొరికింది. ఆరేళ్లుగా అదే పని.

రేకుల కప్పు, గోడల వారగా చెక్క పలకల మీద ఛాతీ ఎత్తున పెట్టెలు, మధ్యలో పొడవాటి బల్ల. అక్కడి నుంచి పెద్దాసుపత్రితో కలిపి పదకొండు ఆరోగ్య కేంద్రాలకు నెలకోసారి మందులు వెళ్తాయి. కేంద్రాల సిస్టర్లు తమకు కావలసినవి కాగితం మీద రాసి పంపుతారు. స్టోర్ కీపర్ గారు ఆ కాగితాన్ని ఎర్ర కలంతో దిద్దుతారు. పిల్లి ఆ లెక్కన సర్ది, పురికొసతో బిగించి కడుతుంది. ఆమెది ఎడమచేతి వాటం కావడంతో ముడి అందరి ముళ్లకూ తిరగబడి పడుతుంది. వ్యాన్ డ్రైవర్ ఒకసారి తన భోజనం క్యారేజీకి కట్టించుకుని, మధ్యాహ్నం దాకా విప్పలేక, "ఇది ముడి కాదమ్మడూ, పగ" అన్నాడు. ఆమె అతన్ని బాబాయ్ అనేది. గోదాములో ఆమెతో పనిగట్టుకుని మాట్లాడేది అతనొక్కడే.

స్టోర్ కీపర్ గారిది ఒకటే సూత్రం. ఎవరెంత అడిగినా అందులో సగం. ఆ సంగతి పది కేంద్రాలకు తెలుసు. కాబట్టి వంద కావలసినవాళ్లు రెండు వందలు రాస్తారు. పెద్దాసుపత్రి సిస్టర్ అయితే మూడు వందలు రాస్తుంది. "అడగందే అమ్మైనా పెట్టదు, ఈయన పెడతాడా?" అని ఆవిడ వాదన. అలా ఏళ్ల తరబడి బండి నడిచింది. ఆ మర్మం తెలియనిది ఏటికి అవతల, చివరి కేంద్రానికి కొత్తగా వచ్చిన సిస్టర్ ఒక్కతే. ఆవిడ పిల్లల విరేచనాలకిచ్చే ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు నాలుగు కట్టలు కావలసి నాలుగే రాసింది. రెండు వెళ్లాయి.

"నెల చివరి వారం పిల్లల్ని ఎత్తుకొచ్చిన తల్లుల్ని ఉత్తచేతులతో పంపిందట" అని డ్రైవర్ తిరిగొచ్చి చెప్పాడు. "నిజం రాసిన పాపానికి."

పిల్లికి మరో సంగతి కూడా తెలుసు. గడువు తీరిన మందులు గోదాముకే తిరిగొస్తాయి. పెద్దాసుపత్రి నుంచి వచ్చే పెట్టెల్లో కొన్ని ఆమె కట్టిన ముడితోనే వస్తాయి. ఎవరూ కత్తిరించలేదు, ఎవరూ విప్పలేదు. ఒకచోట లేక ఏడుస్తుంటే ఇంకోచోట మూట విప్పకుండానే పాడవుతోంది. ఎనిమిది నెలలుగా ఆమె ఇది చూస్తూనే ఉంది. ఎవరికీ చెప్పలేదు. అడిగినవాళ్లూ లేరు.

వానలు మొదలయ్యే నెలలో చివరి కేంద్రం సిస్టర్ మళ్లీ నాలుగు కట్టలే రాసింది. ఎర్ర కలం మళ్లీ రెండు చేసింది. పెద్దాసుపత్రికి పన్నెండు. పిల్లి బల్ల ముందు కాసేపు నిలబడి, పన్నెండులోంచి రెండు తీసి చివరి కేంద్రం పెట్టెలో వేసి, రెండు పెట్టెలూ బిగించి కట్టేసింది. ఎలాగూ విప్పకుండా తిరిగొచ్చే సరుకే కదా అనుకుంది.

అక్కడే పప్పులో కాలేసింది. పెద్దాసుపత్రి సిస్టర్ పెట్టెలు వాడకపోవచ్చు గాని, ఈసారి పైవాళ్ల తనిఖీ ఉందని అన్నీ విప్పి లెక్కపెట్టింది. శనివారం మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. కాగితంలో పన్నెండు, పెట్టెలో పది.

ఎవరి మీద అనుమానం రావాలో వాళ్ల మీదే వచ్చింది. గోదాము దాటాక పెట్టెలు ఉండేది డ్రైవర్ చేతిలో.

"పదిహేడేళ్లుగా తోలుతున్నాను సార్. ఒక్క మాత్ర తగ్గిందా?" అన్నాడు డ్రైవర్.

"మరి ఎవరు తీశారయ్యా? ఆ పిల్లా? దాని నోట్లో నాలుకే లేదు, దానికంత ధైర్యమా?" స్టోర్ కీపర్ చెయ్యి చాపారు. "తాళాలు ఇక్కడ పెట్టు. సోమవారానికి ఆ రెండు కట్టలూ దొరకాలి. లేకపోతే వేరే పని చూసుకో."

డ్రైవర్ తాళాలు బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. పిల్లి తేలుకుట్టిన దొంగలా పురికొస ఉండ చుడుతూ కూర్చుంది. చుట్టిన ఉండనే విప్పి మళ్లీ చుట్టింది.

ఆదివారం పొద్దున్న తల్లి ఆమెను రెండుసార్లు పిలిచింది. మూడోసారి గరిటెతో గిన్నె మీద కొట్టింది.

"ఏమే, చెవులు గోదాములో పెట్టి తాళం వేసొచ్చావా? ఉప్పు డబ్బా ఖాళీ అయింది, బోర్లించు."

తల్లి ఉప్పుకైనా చక్కెరకైనా రెండేసి డబ్బాలు పెట్టుకుంటుంది. ఒకటి ఖాళీ కాగానే గూట్లో బోర్లిస్తుంది. బోర్లించిన డబ్బా కనిపిస్తే కూతురు కొనుక్కొస్తుంది. రెండోది అయ్యేలోగా మొదటిది నిండుతుంది. కుంటికాలితో ప్రతిసారీ లేచి వెతుక్కోలేక పెట్టుకున్న పద్ధతి. ఇంట్లో ఏనాడూ ఏదీ అయిపోలేదు, ఏదీ పురుగు పట్టలేదు.

పిల్లి డబ్బా పట్టుకుని అలాగే నిలబడిపోయింది. తర్వాత జరిగిందంతా తల్లికి చెప్పింది.

తల్లి చివరిదాకా విని, "అయితే ఆ మనిషి ఇప్పుడు పెళ్లాం ముందు దొంగై కూర్చున్నాడన్నమాట" అంది.

"పని పోతుందేమోనమ్మా."

"నీదా, ఆయనదా?"

కూతురు డబ్బాను గూట్లో బోర్లించింది.

"చేసింది చెడ్డపని కాదులే. దొంగచాటుగా చేశావు, చిక్కంతా అదే. చాటుగా చేసిన మంచికి ఎవడో ఒకడు దెబ్బలు తింటాడు. రేపు పోయి నోరు తెరువు. ముత్యాలేం రాలిపోవు."

సోమవారం ఆమె స్టోర్ కీపర్ బల్ల దగ్గరికి వెళ్లి నిలబడింది. ఆయన తలెత్తకుండానే, "పురికొస అయిపోయిందా?" అన్నారు. ఆరేళ్లలో ఆమె ఆ బల్ల దగ్గరికి వచ్చింది దానికోసమే.

"ఆ రెండు కట్టలు నేనే తీశాను సార్. చివరి కేంద్రం పెట్టెలో వేశాను."

ఆయన నవ్వారు. "బాబాయ్ మీద జాలి పడ్డావా? వెళ్లి పని చూసుకో."

నమ్మరని ఆమె అనుకోలేదు. ఒక్క మాట చెప్పడానికే రెండు రోజులు ధైర్యం కూడదీసుకుంది. ఇప్పుడు ఇంకా చెప్పాలి.

"ఆ సిస్టర్‌కి ఫోన్ చెయ్యండి సార్."

ఆయన విసుక్కుంటూనే చేశారు. అవతలి గొంతు గదంతా వినపడింది. "అవును సార్, నాలుగూ వచ్చాయి. మొదటిసారి అడిగినంతా పంపారు. చాలా థాంక్సండీ!"

ఆయన ఫోన్ పెట్టేశారు. ముఖం ఎర్రబడింది. "ఎవరినడిగి వేశావు?"

ఆమె వెళ్లి గడువు తీరిన సరుకు మూలనుంచి మూడు పెట్టెలు మోసుకొచ్చి బల్ల మీద పెట్టింది. "ఇవి నేను కట్టినవి సార్. ముడి చూడండి. విప్పకుండానే తిరిగొచ్చాయి. వాళ్లు మూడింతలు రాస్తున్నారు."

"నాకు తెలీదనుకున్నావా? వాళ్లు ఎక్కువ రాస్తారనే నేను సగం ఇస్తాను."

"మీరు సగం ఇస్తారనే వాళ్లు ఎక్కువ రాస్తారు సార్."

గుమ్మం దగ్గర ఎవరో తుమ్మబోయి ఆపుకున్నట్టు చప్పుడు. డ్రైవర్ వచ్చి నిలబడి ఉన్నాడు.

స్టోర్ కీపర్ చాలాసేపు ముడి వంకే చూశారు. "అయితే ఏం చెయ్యమంటావు?" అన్నారు. ఎగతాళిగా అడిగారో నిజంగా అడిగారో ఆమెకు అర్థం కాలేదు. నిజంగానే అడిగారనుకుని అమ్మ ఉప్పు డబ్బాల పద్ధతి చెప్పింది. ఒక్కో మందుకు ప్రతి కేంద్రంలో రెండు డబ్బాలు. ఎవరూ ఏమీ రాయనక్కర్లేదు. వ్యాన్ వారం వారం తిరిగి, ఖాళీ డబ్బా తీసుకుని నిండుది పెడుతుంది. ఖాళీ లేకపోతే ఏమీ పెట్టదు.

"గోదాము వంటిల్లు కాదమ్మా."

"అయిపోతే ఏడ్చేది రెండుచోట్లా పిల్లలే కదా సార్."

ఆయన తాళాలు డ్రైవర్ వైపు జరిపారు. తప్పయిందని మాత్రం అనలేదు. అడగకుండా సరుకు మార్చినందుకు ఆమెకు మెమో ఇచ్చి, రెండు నెలలు బల్ల దగ్గరి పనిలోంచి తీసేశారు. "మూడు కేంద్రాల్లో చూద్దాం. నువ్వే వ్యాన్ ఎక్కి వెళ్లి, నువ్వే వాళ్లకు చెప్పుకో" అన్నారు. ఆమెకు మెమో కన్నా అదే పెద్ద శిక్ష.

మొదటిరోజు ఆమె వ్యాన్ ఎక్కి డ్రైవర్ పక్కన కూర్చుంది. దారంతా వెనక మందుల డబ్బాలు గలగలమంటూనే ఉన్నాయి. పెద్దాసుపత్రి గేటు కనిపించాక, "రెండు రోజులు నా కూతురు నాకేసి చూడలేదమ్మడూ" అన్నాడు, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

"తప్పయింది బాబాయ్."

"నాతో అంటే ఏం లాభం?"

లోపల సిస్టర్, ఇద్దరు ఆయాలు, మందుల గదిలో మరో నలుగురు ఉన్నారు. డబ్బాల సంగతి ఎత్తకముందే ఆమె, "సిస్టర్, ఆ రెండు కట్టలు నేను తీశాను. బాబాయ్ పెట్టె ముట్టుకోలేదు" అంది. సిస్టర్ వినపడలేదనడంతో ఇంకాస్త గట్టిగా మళ్లీ చెప్పింది. ఆయాలు ఒకరినొకరు చూసుకున్నారు. డ్రైవర్ గుమ్మంలో చెప్పులు సర్దుకుంటున్నట్టు వంగాడు.

"పిల్లి అరిచిందే!" అంది సిస్టర్. తర్వాత డ్రైవర్ వైపు తిరిగి, "ఏమనుకోకు తమ్ముడూ, లెక్క తేలకపోతే నేనేం చేసేది" అంది. డబ్బాల సంగతి విని పెదవి విరిచింది. పది ప్రశ్నలు వేసింది. పెడితే పెట్టండి, నా కాగితం మాత్రం నేను రాసి పంపుతానంది.

రెండో కేంద్రం దాటి, ఏరు దాటి చివరిదానికి వచ్చేసరికి ఆమె గొంతు బొంగురుపోయింది. అప్పుడు డ్రైవరే ముందుకొచ్చాడు.

"నేను చెప్తా సిస్టర్. చాలా తేలిక. ఈ రెండు డబ్బాలూ అయిపోయాక మీరు..."

"రెండూ కాదు బాబాయ్! ఒకటి అవగానే."

"చూశారా సిస్టర్?" డ్రైవర్ చేతులు చాపాడు. "నన్ను దొంగను చేసింది చాలక ఇప్పుడు మొద్దును కూడా చేస్తోంది."

సిస్టర్ నవ్వి, బల్ల మీద చోటు ఖాళీ చేసింది. పిల్లి రెండు డబ్బాలూ పక్కపక్కనే పెట్టి, బొంగురు గొంతుతోనే మొదటినుంచీ మళ్లీ చెప్పింది.