పిట్టకు చెప్పి వేసే రాయి

నా స్కూటరు మొదటి కిక్కుకే లేచిన చివరి సంవత్సరం అది. తర్లుపాడు దగ్గర ఒక హైస్కూల్లో నేను పీఈటీని, అంటే పిల్లలకు ఆటలు నేర్పే సారుని. నా పొట్ట చూసినవాళ్లు నమ్మరు గనక ముందే చెప్పుకుంటున్నాను. ఆ ఏడు జాతీయ క్రీడల్లో మన ఆడపిల్లల సాఫ్ట్‌బాల్ జట్టుకు నన్ను అసిస్టెంట్ కోచ్‌గా పంపించారు. మంచినీళ్ల డబ్బాలు మోసేవాడికి అది గౌరవనామం.

జట్టులో బంతి వేసే అమ్మాయి, అంటే పిచర్, మా బడిలో చదివిన రూతు. సాఫ్ట్‌బాల్లో చేతిని గుండ్రంగా ఒక చుట్టు తిప్పి తొడ పక్కనుంచి బంతి వదలాలి. విండ్‌మిల్ పిచ్ అంటారు. అది నేర్పేసరికి కోచ్‌ల జుట్టు నెరుస్తుంది. రూతు మాత్రం నడక వచ్చినప్పటి నుంచి జొన్నచేలో మంచె మీద నిలబడి వడిసెల తిప్పిన పిల్ల. రాయి పెట్టి గిరగిరా తిప్పి విసిరే ఆ తాడుతోనే చిలకలను తోలేది. మా వైపు చిలకలు దిగితే పట్టపగలే చీకటి పడి, కోళ్లు గూట్లోకి పోయి పడుకునేవి. అంత ముఠాను తోలిన చేతికి నేను కొత్తగా నేర్పేదేముంది?

ఒకటే చిక్కు. బంతి వదిలే ముందు "హో...య్" అని అరిచేది. ఎందుకమ్మా అంటే ఆశ్చర్యంగా చూసింది.

"చెప్పకుండా ఎట్ల ఏస్తాం సారూ? రాయి పిట్టను లేపటానికే గానీ సంపటానికి కాదు గదా. అరిచినాకనే ఇడవాలని మాయమ్మ చెప్పింది."

ఆ అమ్మ మార్తమ్మ కూడా సజ్జరొట్టెల మూటతో మాతో రైలెక్కింది. ఆమె గొంతు సంగతి చెప్పాలి. తర్లుపాడులో మేకను పిలిస్తే గిద్దలూరులో రైలు ఆగేది. తండ్రి యేసోబు ఇంటిదగ్గరే మాట తేల్చేసినాడు. మెడల్ తెస్తే స్పోర్ట్స్ కోటాలో కాలేజీ సీటు, లేకుంటే కూలీలతో కలిసి గుంటూరు వైపు మిరపకోతకు. అందరికన్నా చిన్నది, చేతులు చురుకు, కోతలో పనికొస్తుందని మేస్త్రీ అప్పటికే కన్నేసి పెట్టినాడు.

మూడో స్థానం కోసం మ్యాచ్. గెలిస్తే కాంస్యం. అంతకు ముందు అంపైర్లు రూతు కేకకు నవ్వి ఊరుకున్నారు. ఈసారి వచ్చినాయన నవ్వడం పుట్టుకతోనే మానేసిన మనిషి.

"బ్యాటర్ అదిరిపడుతోంది. ఇంకోసారి అరిస్తే ఇల్లీగల్ పిచ్," అన్నాడు. అంటే బంతి చెల్లదు, లాభం అవతలి జట్టుకు.

ఆ మాటతో రూతు చెయ్యి చచ్చుబడింది. ముసలవ్వకు మజ్జిగ అందించినంత మెల్లగా వేస్తోంది. అవతలివాళ్లు వాయించారు. మా ఆధిక్యం కరిగి కరిగి ఒక్క పరుగుకు వచ్చింది. టైమ్ అడిగి లోపలికి పరిగెత్తాను. భూమి కొద్దిగా కదిలిందని పిల్లలు తర్వాత చెప్పారు.

"గట్టిగా వెయ్యి రూతూ."

"చెప్పకుండా మనిషి పక్కకి గట్టిగా ఎట్ల ఏసేది సారూ? ఆ యక్క భయపడదా?"

"ఇది పోటీ తల్లీ."

"పోటీ అయితే మనిషి పిట్టకన్నా తక్కువా?"

అప్పుడు గ్యాలరీలోంచి మార్తమ్మ లేచింది. "ఏయ్ పాపా, నువ్వు తిప్పు. చెప్పేది నేను చెప్తా."

రూతు చెయ్యి తిరిగింది. పైనుంచి "హో...య్" వచ్చింది. బంతి కనిపించలేదు, క్యాచర్ చేతిలో చప్పుడు వినిపించింది. అంపైర్ గ్యాలరీ వైపు గుడ్లురిమి చూశాడు, అంతే. పిచర్లు అరవకూడదంటే సరే, తల్లుల మీద రూలు రాసే మొనగాడు ఇంకా పుట్టలేదు.

ఆఖరి ఇన్నింగ్స్. అవతలివాళ్ల అమ్మాయి ఒకతె మూడో బేస్ మీద ఉంది, హోమ్ బేస్ చేరితే స్కోరు సమం. ఇంకొక్క స్ట్రైక్, అంటే బ్యాటు తగలని సరైన బంతి, పడితే బ్యాటర్ ఔట్, మెడల్ మాది. రూతు తల్లి వైపు చూసింది. మార్తమ్మ నోరు తెరిచింది. గాలి తప్ప ఏమీ రాలేదు. అంత గొంతూ అయిపోయింది.

నాకు మిరపతోట కళ్లముందు కనబడింది, ఘాటుతో సహా.

రూతు ఎదురుగా బ్యాటు పట్టుకున్న ఉత్తరాది పిల్లను చూసి తలూపింది. వస్తాంది, కాసుకో అన్నట్టు. ఆ పిల్ల కూడా మర్యాదగా తలూపింది. బంతి వచ్చింది, పోయింది. బ్యాటు భుజం మీదే ఉంది. పాపం, ఆ పిల్ల మార్తమ్మ కేక కోసం కాచుకుంది.

అందరూ రూతును ఎత్తుకోబోతే, ఆమె బ్యాటర్ దగ్గరకు పరిగెత్తింది. "తలూపి చెప్పినా గదక్కా, చూసుకోలేదేంది?" ఒక్క ముక్కా అర్థంకాకపోయినా ఆ పిల్ల రూతును కౌగిలించుకుని ఏడ్చింది.

ఊరికి వచ్చాక కూడా మార్తమ్మకు వారం పాటు గొంతు రాలేదు. యేసోబు నన్ను పక్కకు పిలిచి, "ఇంట్లో ఇంత నిమ్మళం నేనెప్పుడూ చూడలా. పిల్లను ఎన్నేండ్లు సదివిస్తావో సదివించు సారూ," అన్నాడు.

ఇప్పుడు రూతు పొదిలి వైపు పీఈటీ. మా చుట్టుపక్కల జొన్న పోయింది, మంచెలు పోయినాయి, జామాయిల్ తోటలు వచ్చినాయి. నా బడిలో మాత్రం ఒక రూలు మిగిలింది. ఎదుటి పిల్లను చూసి తలూపాలి, ఆ పిల్ల తిరిగి తలూపాలి, అప్పుడే బంతి. తోటి సార్లు నవ్వుతారు. అందువల్ల కొన్ని మ్యాచులు ఓడిన మాట కూడా నిజమే. చెప్పి ఓడించిన చేతిని ఓడిన పిల్ల ఎట్ల కౌగిలించుకుందో నేను చూశాను గనక మార్చలేదు.

మొన్న రూతు తన జట్టును మా బడికి తెచ్చింది. మా పిచర్ తలూపింది, వాళ్ల బ్యాటర్ తలూపింది. గట్టున కూర్చున్న మార్తమ్మ, అలవాటు చావక, "హో...య్" అనింది.

బడి వెనక వేపచెట్ల మీంచి చిలకలన్నీ ఒక్కసారి లేచినాయి. మేము మర్చిపోయినా, వాటికి గుర్తుంది.