వెనక్కి తిరిగిన క్యూ

మీరు క్యూలో నిలబడి ఉండగా, టీవీలో రోజూ కనిపించే మనిషి ఒకరు వచ్చి మీ వెనకే నిలబడితే, మీరు ఉన్నచోటే ఉంటారా? ఉంటానని తొందరపడి చెప్పకండి. నేనూ అలాగే అనుకున్నాను.

గురజాలలో, కార్డులకు వేలిముద్రలు కొత్తగా ఎక్కించే ఒక చిన్న ఆఫీసు. క్యూ గదిలోంచి మెట్లు దిగి, వేపచెట్టు నీడ దాకా వచ్చింది. నేను దాదాపు తోకలో ఉన్నాను. అందరికంటే ముందు, లోపల యంత్రం దగ్గర, ఒక పెద్దమ్మ ఉంది. సున్నపురాయి క్వారీలో రాళ్లు ఎత్తీ ఎత్తీ ఆమె వేళ్ల మీద గీతలు అరిగిపోయాయి. మర్నాడు పొద్దున నరసరావుపేటలో ఆమెకు కంటి ఆపరేషన్. ముద్ర ఎక్కితేనే ఆస్పత్రిలో చేర్చుకుంటారు. అంతకుముందు రెండుసార్లు వచ్చి ఉత్త చేతులతో వెళ్లిపోయింది. ఒంటిగంటకు సర్వర్ పడుకుంటుందని అక్కడ అందరికీ తెలుసు. అప్పటికి పన్నెండున్నర అవుతోంది.

ఆమె వేలు కడుక్కొచ్చి పెడుతోంది, యంత్రం కాదంటోంది. బయట మేము ఒక సీరియల్ నటి కాపురం చక్కదిద్దుతున్నాము. కోడళ్లను రాచిరంపాన పెట్టే అత్త వేషం ఆమెది. ఆమె పుట్టిల్లు ఈ చుట్టుపక్కలే కాబట్టి ఆమె మీద మాకు హక్కు ఎక్కువ.

“విడాకులైపోయినయ్యంట,” అంది చంకలో సంచి పెట్టుకున్న ఒకామె.

“ఎప్పుడో అయినయ్ అక్కా. ఇప్పుడు మూడో పెళ్లి నడస్తంది,” అన్నాడు నా ముందున్న ఆటో ఆయన. “ఫోన్లో చూశా. ఎర్ర బాణం గుర్తు గూడా పెట్టారు.”

ఎర్ర బాణం పెట్టాక ఇంకేం రుజువు కావాలి! ముప్పై ఏళ్లుగా సభల్లో ‘ఆధారం చూపించండి’ అని బల్ల గుద్దినవాణ్ణి, ఆ రోజు బాణాన్ని ఒక్క ప్రశ్న అడగలేదు. పైగా, “రిజిస్టర్ పెళ్లంట, రహస్యంగా చేసుకున్నారంట,” అని నా వంతు రాయి నేనూ విసిరాను. చాలా హాయిగా అనిపించింది.

నా వెనక, క్యూ చివర, మాస్కు పెట్టుకుని తలకు చున్నీ చుట్టుకున్న ఒకావిడ నిలబడి ఉంది. “విడాకులేం కాలేదండీ. వాళ్లాయన ఈపూరులో మిరపతోట చూసుకుంటన్నాడు,” అంది మెల్లగా.

ఆటో ఆయనకు ఒళ్లు మండింది. “నీకేం దెలుసమ్మా? ఆమె ఇంట్లో అంట్లు తోముతున్నావా ఏంది?”

“అప్పుడప్పుడు తోముతానండీ.”

అందరం పగలబడి నవ్వాం. సీరియల్లో ఆమెకు వేరెవరో గొంతు ఇస్తారు గనక మాట విని ఎవరమూ పోల్చుకోలేదు.

అప్పుడే ఆపరేటర్ కాగితాలు చూడటానికి బయటకొచ్చాడు. ఆవిడ చేతిలో కార్డు చూశాడు. కళ్లు చూశాడు. మళ్లీ కార్డు చూశాడు. “అత్తగారూ!” అని కేకపెట్టాడు.

ఆవిడ నవ్వి మాస్కు తీసింది. ఇక చూడాలి మమ్మల్ని! సంచి చంకలో ఉన్నామె దూసుకొచ్చి, “ఏమే, కోడలు పిల్లని వానలో నిలబెడతావా? నీ చేతులు పడిపోను!” అని తిట్టి, అదే ఊపిరిలో, “ఒక్క ఫోటో అక్కా,” అంది. ఆటో ఆయన, “ఆ మూడో పెళ్లి సంగతి నేను మొదట్నించీ నమ్మలేదు మేడమ్,” అన్నాడు. నేను రెండు చేతులూ చాపి, పెళ్లివారిని పందిట్లోకి పిలిచినట్టు, “ముందుకు దయచేయండి,” అన్నాను. దేవుడి పల్లకీ మొయ్యనని చిన్నప్పుడే ఇంట్లో ఎదురు తిరిగినవాణ్ణి నేను.

ఆవిడ కదల్లేదు. “నా వంతు వచ్చినప్పుడే వెళ్తానండీ,” అంది.

ఆమె ముందుకు రాకపోయేసరికి క్యూయే వెనక్కి వెళ్లింది. గదిలో ఉన్నవాళ్లు మెట్ల మీదికి, మెట్ల మీదున్నవాళ్లు చెట్టు కిందికి దిగారు. ఆమె పక్కన చోటు కోసం, పొద్దుటి నుంచి కాచుకున్న చోటు వదిలేశారు. ఆపరేటర్ కూడా తిరిగి కుర్చీలోకి పోలేదు, చొక్కా సర్దుకుంటూ మా మధ్యలో దూరాడు. నా చేతులు పొడుగని నన్ను ఫోటోలు తియ్యమన్నారు. ఒకటి తరవాత ఒకటి అయిదు ఫోన్లు చేతికొచ్చాయి. సిగ్గే గాని అబద్ధమాడను. తిరునాళ్లలో రంగులరాట్నం ఎక్కినంత సంబరంగా ఉంది.

“ఒరేయ్! నా బొటనేలు ఈడుంది, మీరంతా యాడున్నార్రా?”

పెద్దమ్మ గుమ్మంలోకి వచ్చింది. కడిగిన వేలికి మట్టి అంటకుండా పైకెత్తి పట్టుకుంది.

“టీవీలో అత్తగారు వచ్చింది పెద్దమ్మా!”

“నాకు టీవీయే మసక. అత్తేంది, కోడలేంది! కళ్లు బాగయినాక చూస్తాలే. ముందు ఈ ముద్ర ఎక్కీండి.”

“రెండు నిమిషాలాగు పెద్దమ్మా,” అన్నాడు ఆపరేటర్. “మేడమ్ మళ్లీ మళ్లీ వస్తదా?”

“నా కళ్లు మళ్లీ మళ్లీ వస్తయ్యా?”

గడియారం చూశాను. ఒంటిగంటకు పది నిమిషాలు. చేతిలో ఫోన్లు ఎవరికో అప్పజెప్పి ఆపరేటర్ భుజం పట్టుకున్నాను. “ఒక్కటి సార్, మా ఆవిడకి చూపించాల,” అని వెనక్కి లాగాడు. నేను ముందుకు తోశాను. మెట్ల మీద కాసేపు మా ఇద్దరికీ కుస్తీ అయింది. చివరికి కుర్చీలో కూర్చోబెట్టాను.

నటితో సహా అందరూ గుమ్మంలో కిక్కిరిసి నిలబడ్డారు. పెద్దమ్మ వేలు పెట్టింది. కాదంది. తుడుచుకుని పెట్టింది. మళ్లీ కాదంది. “గట్టిగా నొక్కు పెద్దమ్మా!” “కాదు, మెల్లగా!” “ఎడంచెయ్యి పెట్టి చూడు!” ఆరోసారి పచ్చదీపం వెలిగింది. హాల్లో హీరో తెర మీదికి వచ్చినట్టు ఈలలు వేశారు. అందరికంటే గట్టి ఈల అత్తగారిదే. పెద్దమ్మ కాగితాన్ని కొంగున ముడేసుకుని, మా ఎవరి ముఖమూ చూడకుండా, బస్సు కోసం రోడ్డెక్కింది.

అంతలోనే సర్వర్ పోయింది. నాకూ, ఆటో ఆయనకూ, నటికీ పని కాలేదు. “రేపు మీరు నేరుగా లోపలికి వచ్చెయ్యండి మేడమ్,” అన్నాడు ఆపరేటర్.

“ఎందుకు?” అంది ఆవిడ.

గొప్పవాళ్లు మన నెత్తినెక్కారని ఎన్ని సభల్లో గొంతు చించుకున్నానో! ఆ రోజు ఎవరూ ఎక్కలేదు. మేమే నెత్తి వంచి, ఎక్కమని బతిమాలాం. ఎవరి చోటు వాళ్లు వదులుకుంటే అది వాళ్ల ఇష్టం. కాని మేము ఇచ్చేసింది మా చోటు కాదు. లోపల వేలు పైకెత్తి నిలబడ్డ మనిషివి, ఇరవై నిమిషాలు. ఆ కాసేపట్లో ఆమె కన్ను పోయేది, మా దగ్గర ఫోటోలు మిగిలేవి.

కాబట్టి, పేరున్న మనిషి మీ మధ్యకు వస్తే నమస్కారం పెట్టండి, ఇష్టమైతే ఫోటో అడగండి. కాని ముందుగా, క్యూలో మొదట ఎవరున్నారో చూడండి. వాళ్ల పని పూర్తయ్యేదాకా ఆ కుర్చీలోని మనిషిని లేవనివ్వకండి. లేస్తే భుజం పట్టి కూర్చోబెట్టండి.