మనిషి ప్రొటీన్, మా కాక కారు

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో నాకు తెల్లకోటు ఇస్త్రీ చేసుకోవడం కూడా పండగే. బహ్రెయిన్‌లో, సనాబిస్ దగ్గర ఒక చిన్న పరిశోధనశాలలో అందరికంటే చిన్న సహాయకురాలిని నేను. గాజు సామాను కడగడం, వచ్చిన పెట్టెలు సర్దడం నా పని. (మా ఊళ్లో మాత్రం నేను దుబాయిలో పెద్ద సైంటిస్టుని. అది దుబాయీ కాదు, నేను సైంటిస్టునీ కాదు. అయినా ఎవరినీ దిద్దబుద్ధి కాలేదు.) ఉండేది గలాలీలో మా కాక ఇంట్లో. కాక అంటే మా నాన్న తమ్ముడు. కట్టడం పనికి వచ్చి, తర్వాత డ్రైవరై, సొంతంగా ఒక పాత కారు కొనుక్కున్న మనిషి.

ఆ ఎండాకాలం మేమంతా ఒక ప్రొటీన్ కోసం ఎదురుచూస్తున్నాం. మనుషుల ఒంట్లో ఉండే ఫాస్ఫేటేజ్ అనే ఎంజైము అది. వేరే ప్రొటీన్లకు అంటుకున్న ఫాస్ఫేటును ఊడబెరకడం దాని పని. దాన్ని పరిశోధనల కోసం ప్రత్యేకంగా తయారుచేసి, డ్రై ఐసులో, అంటే గడ్డకట్టించిన బొగ్గుపులుసు వాయువులో పెట్టి విదేశం నుంచి పంపుతారు. అంతకుముందు వచ్చిన పెట్టెలో ఐసంతా ఆవిరైపోయి సరుకు పాడైతే, మా మేడం (కేరళ ఆవిడ, కోపమొస్తే అరవకుండా మౌనంగా ఉండిపోతుంది, మాకు అదే భయం) చాలా రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. ఈసారీ పాడైతే ప్రయోగమే ఆపేస్తామన్నారు పైవాళ్లు. ప్రయోగం ఆగితే నాలాంటి కొత్తదానితో ఏం పని? అలాంటి పెట్టె సరిగ్గా శుక్రవారం సెలవు పూట, మిట్టమధ్యాహ్నం, ఎయిర్‌పోర్టు కార్గోలో దిగింది. ఆఫీసు డ్రైవర్ సెలవులో ఉన్నాడు. నేను తెస్తాను మేడం అని ఫోనులో అనేశాను. అన్నాక గుర్తొచ్చింది, నాకు డ్రైవింగ్ రాదని.

కాక అన్నం ముందునుంచి లేచి వచ్చాడు. కార్గోలో పెట్టె నా చేతికిచ్చినప్పుడు అంచుల్లోంచి సన్నగా తెల్లటి పొగ వస్తోంది. నా గుండె ఎగిరి గంతేసింది, పొగ ఉందంటే ఐసు ఉన్నట్టే. వెనక సీట్లో పెట్టి, ఆ పొగ కారులో నిండితే ఊపిరాడదని అద్దాలన్నీ దించేయమన్నాను. వడగాలి మొహాన కొడుతుంటే కాక వెనక్కి తిరిగి పెట్టె మీద అంటించిన కాగితం వైపు చూశాడు, కారులో పాటలు ఆపేశాడు, తలమీద టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. ఆ తర్వాత ఎయిర్‌పోర్టు నుంచి సనాబిస్ వైపు వెళ్లే వంతెన మీద మేము వెళ్లిన తీరు చెబితే నమ్మరు. మామూలుగా యల్లా యల్లా (పదండి పదండి) అంటూ అందరినీ దాటేసే మనిషి, ఊరేగింపులా నడుపుతున్నాడు. వెనక లారీలు హారన్ల మీద హారన్లు. నేను సీటు అంచున కూర్చుని, ఐసు ఆవిరైపోతోంది తొందరగా పోనీ అని బతిమాలుతుంటే, ఆయన మెల్లగా నావైపు తిరిగి అడిగాడు.

"వాళ్లింటోళ్లకు తెల్సా బిడ్డా?"

"ఎవరింటోళ్లకు కాకా?"

"గదే, పెట్టెల ఉన్నాయన ఇంటోళ్లకు. మీద హ్యూమన్ అని రాసుంది గదా. నాకు గా మాత్రం సదువొస్తది."

నవ్వు, ఏడుపు రెండూ ఒకేసారి వచ్చాయి. ప్రొటీన్ ఎలా చేయాలో చెప్పే జన్యువు ఒక్కటే మనిషిది, దాన్ని బ్యాక్టీరియాలో పెడితే అవే ఈ ప్రొటీన్‌ను చేసిపెడతాయి, లోపల ఉన్నది నాలుగు చుక్కల నీళ్లంత ద్రవం అని గబగబా చెప్పుకొచ్చాను. కాక అంతా విని, "అంటే ఎవ్వలు సచ్చిపోలే," అన్నాడు. ఎవ్వరూ చచ్చిపోలేదన్నాను. "ముందుగల్ల జెప్పొద్దా మరి," అని టోపీ పెట్టుకుని కారును ఎలా పోనిచ్చాడంటే, సనాబిస్ దాకా నేను కళ్లు తెరవలేదు.

మేడం గుమ్మంలోనే నిలబడి ఉంది. పెట్టె తెరిస్తే అడుగున ఐసు ముక్కలు ఇంకా పొగలు కక్కుతున్నాయి. చిన్న గొట్టాలన్నీ గట్టిగా గడ్డకట్టే ఉన్నాయి. ఒక్కటి మాత్రం పరీక్షకు కరగనిచ్చి మిగతావి ఫ్రీజర్‌లో పెట్టింది. ప్రొటీన్ బతికుంటే, దాని చుక్క పడ్డాక పరీక్ష గొట్టంలోని రంగులేని ద్రవం పసుప్పచ్చగా మారాలి. ఆ చుక్క వేయమని మేడం గాజు పిపెట్ నా చేతికిచ్చింది. అప్పటిదాకా నేను దాన్ని కడిగిందే ఎక్కువ. చుక్క వేశాను. ఏమీ కాలేదు. తలుపు దగ్గర కాక కూడా ఊపిరి బిగబట్టాడు. నేను మనసులో సామాన్లు సర్దుకోవడం మొదలుపెట్టాను. అంతలో అడుగున లేత పసుపు పొర ఒకటి విచ్చుకుంది, చూస్తుండగానే ద్రవమంతా పసుప్పచ్చగా మారింది. మేడం నా భుజం మీద చెయ్యేసి, "రేపటినుంచి ఈ పని నువ్వే చెయ్యి," అంది.

తిరుగుదారంతా ఆగకుండా మాట్లాడానట, కాక చెబుతుంటాడు. ఆ పిల్ల, అంటే అప్పటి నేను, ఏమేం చెప్పిందో నాకిప్పుడు గుర్తులేదు. ఇప్పుడు అలాంటి గొట్టాలు తెరవడం నాకు టీ కాచుకున్నంత మామూలైపోయింది. అయినా ఒక్కోసారి అనిపిస్తుంది, ఆ కారు వెనక సీట్లో చోటు దొరికితే బాగుండు, అడ్డురాకుండా కూర్చుని ఆ అమ్మాయి చెప్పేదంతా వినేదాన్ని.