మడ్గార్డు లోపలి బోల్టు

ఈ బరువు ఎత్తుకున్నప్పుడు నా జుట్టు నల్లగా ఉండేది. నా వర్క్‌షాపు గోడకు వేసిన సున్నం ఇంకా ఆరలేదు. ఇప్పుడు స్పానర్ పట్టుకుంటే చేయి వణుకుతుంది. బరువు మాత్రం ఏమీ తగ్గలేదు. ఇవాళ దింపుతాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. మధ్యలో లేచి వెళ్లకండి, అదొక్కటే అడుగుతున్నాను. నేనూ లేవను. ఇంతకుముందు చాలాసార్లు రాయడానికి కూర్చుని లేచిపోయాను. ఈసారి లేవను.

నా స్నేహితుడికి ఒక అబద్ధం చెప్పాను. దాన్ని నమ్మి అతను డ్రైవరు పని మానేశాడు. విషయం అంతే.

ఒక్క ఊపిరిలో అయిపోయింది చూశారా? ఇంత చిన్న మాట నోటి దాకా రావడానికి ఇన్నేళ్లెందుకు పట్టింది? రాకపోవడం కాదు, వచ్చినప్పుడల్లా నేనే మింగాను.

నేను మోటారు మేస్త్రీని. యాభైల మొదట్లో పాతబస్తీలో శాలిబండ రోడ్డు మీద చిన్న షెడ్డు వేసుకున్నాను. జాగీర్లు పోయిన కొత్త అది. పెద్ద పెద్ద ఇళ్లవాళ్లు తమ పెద్ద బళ్లు అమ్మేసి చిన్న బళ్లు కొనుక్కుంటున్నారు. మొఘల్‌పురాలో ఒక సాహెబ్ కూడా అట్లాగే కొన్నారు. చిన్నదంటే మరీ చిన్నది. ఇంటి ముందు ఆగితే గల్లీలో వాళ్లు, సాహెబ్ బండి నిలబడిందా కూర్చుందా అని నవ్వుకునేవాళ్లు. నవ్వు సంగతి అట్లా ఉంచితే, ఆ గల్లీలో పరిచిన రాళ్లు సగం పైకి లేచి ఉండేవి. బండి కడుపు వాటికి గీసుకునేది. గీసుకున్నప్పుడల్లా తన వీపే గీరుకుపోయినట్టు మొహం పెట్టేవాడు మొయిన్.

మొయిన్ ఆ ఇంటి డ్రైవరు. నా దోస్తు. సాయంత్రమైతే ఇరానీ హోటల్లో ఇద్దరం కూర్చుని ఒక చాయ్‌ని రెండు చేసుకునేవాళ్లం. ఎవరు కప్పులో తాగాలి, ఎవరు సాసర్లో తాగాలి అని రోజూ కొట్లాట. బండిని అంత మెత్తగా నడిపేవాణ్ని నేను మళ్లీ చూడలేదు. వెనక కూర్చున్న సాహెబ్ తల్లిగారి చేతిలోని పాన్‌దాన్, ఆ తమలపాకుల పెట్టె, కదలకూడదనేది అతని పంతం.

పెద్ద చక్రాలు వేద్దామన్న ఆలోచన నాది. మొయిన్ అడగలేదు, సాహెబ్ అడగలేదు. నేనే వెళ్లి చెప్పాను. అదే కంపెనీ పెద్ద బండి ఒకటి తుక్కులో పడి ఉంది, దాని చక్రాల బోల్టు రంధ్రాలు ఈ బండికి సరిగ్గా సరిపోతాయి, టైర్లు కూడా లావుపాటివి పడతాయి, బండి ఎత్తు లేస్తుంది, రాళ్లు తగలవు, చూపుకీ దర్జాగా ఉంటుంది అని. సాహెబ్ కళ్లు మెరిశాయి. పోయిన పెద్ద బండి మళ్లీ గేటు ముందుకు వచ్చినట్టు అనిపించిందేమో ఆయనకు. నాకు మాత్రం ఏమనిపించింది? శాలిబండలో ఇట్లాంటి పని చేసినవాడు ఇంకొకడు లేడనిపించింది. నిజం చెబుతున్నాను, ఆ చక్రాలు సాహెబ్ కోసం కాదు, నా కోసం బిగించాను.

చక్రం మారిస్తే టైరుకూ పైన మడ్గార్డుకూ మధ్య సందు చూసుకోవాలి. మేము వేళ్లతో చూసేవాళ్లం. రెండు వేళ్లు దూరితే చాలు. దూరాయి, అన్ని చోట్లా దూరాయి. వెనక ఎడమ చక్రం పైన ఒక్క చోట తప్ప. మడ్గార్డును పట్టి ఉంచే బోల్టు ఒకటి, దాని తోక పొడుగ్గా లోపలికి పొడుచుకుని ఉంది. పాత టైరు దాని దరిదాపుల్లోకి వచ్చేది కాదు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. అక్కడ నాకు ఒక వేలే దూరింది. చూశాను. చూడలేదని అబద్ధం ఆడితే ఈ కాగితం దండగ. ఆ తోక కోసేయాలని కూడా అనుకున్నాను. అప్పటికే షెడ్డు ముందు నలుగురు చేరి, అరే ఎంత ఎత్తు లేచింది, క్యా బాత్ హై ఉస్తాద్ అంటున్నారు. తర్వాత కోద్దాంలే అనుకున్నాను.

మొయిన్‌ను స్టీరింగ్ ముందు కూర్చోబెట్టి, నేను పక్కన కూర్చుని ఫలక్‌నుమా దాకా వెళ్లి వచ్చాం. ఎక్కడా చప్పుడు లేదు. మొయిన్ చిన్నపిల్లాడిలా హారన్ కొట్టాడు. వెనక సీటు ఖాళీ.

ఇక్కడే ఉంది అసలు సంగతి. ఆ ఇంటి బండి వెనక సీట్లో ఎక్కేది ఆడవాళ్లు. వాళ్లు ఎక్కేటప్పుడు వాకిలి నుంచి బండి తలుపు దాకా రెండు వైపులా దుప్పట్లు పట్టుకునేవాళ్లు. డ్రైవరు గోడవైపు తిరిగి నిలబడాలి. తలుపు వేశాక, సీట్ల మధ్య పరదా దింపాక, వచ్చి కూర్చోవాలి. ఎందరెక్కారో చూడకూడదు, అడగకూడదు. అడిగితే బేఅదబీ, మర్యాద తప్పినట్టు. ఇవాళ బండి బరువుగా ఉంది, ఎవరో చుట్టాలొచ్చినట్టున్నారు అని స్ప్రింగులను బట్టి చెప్పుకునేవాడు మొయిన్. ఇదంతా నాకు తెలుసు. బరువు పడితే స్ప్రింగు కుంగుతుందని, కుంగితే ఆ ఒక్క వేలి సందు మిగలదని కూడా తెలుసు. మనుషుల్ని కూర్చోబెట్టి చూడలేకపోతే పోనీ, పక్క దుకాణంలో బియ్యం బస్తాలు అడిగి వెనక వేసి ఒక చుట్టు తిప్పి చూడొచ్చు కదా? ఎందుకు చూడలేదు? చూస్తే తగులుతుందని లోపల ఎక్కడో తెలిసే చూడలేదా?

కొన్నాళ్లకు ఆ ఇంట్లో పెళ్లి పనులు మొదలయ్యాయి. చుట్టాలు దిగారు. ఒక మధ్యాహ్నం శాలిబండ వాలు దిగి, మొఘల్‌పురా గల్లీలోకి కుడివైపు తిరిగే చోట పెద్ద చప్పుడైంది. షెడ్డులోంచి పరుగెత్తాను. బండి ఒక దుకాణం అరుగు ఎక్కి ఆగి ఉంది. లోపల ఆడవాళ్ల ఏడుపులు. అప్పటికే ఎవరో దుప్పట్లు తెచ్చి పట్టుకున్నారు. మగవాళ్లందరం గోడవైపు తిరిగాం. నా పక్కన మొయిన్. ఇద్దరం గోడను చూస్తూ నిలబడ్డాం. అతని భుజం నా భుజానికి తగులుతోంది. ఆ రోజు ఆ బండిలో ఎందరున్నారో ఈనాటికీ ఏ మగవాడికీ తెలియదు. సాహెబ్ తల్లిగారి చేయి విరిగిందని తర్వాత తెలిసింది.

ఆడవాళ్లు వెళ్లిపోయాక సాహెబ్ నన్ను పిలిచి చూడమన్నారు. వంగి చూశాను. టైరు పక్కభాగం కత్తితో చీరినట్టు పొడుగ్గా చీలి ఉంది. పైన బోల్టు తోక మెరుస్తోంది, దానికి నల్లగా రబ్బరు అంటుకుని ఉంది. భుజం మీది గుడ్డ తీసి తుడిచేశాను. ఆలోచించి చేసింది కాదు, చేయి దానంతటదే వెళ్లింది. లేచి నిలబడి చెప్పిన మాట మాత్రం ఆలోచించే చెప్పాను. మలుపులో వేగంగా తిప్పితే ఏ టైరైనా పగులుతుంది సాహెబ్ అన్నాను. మొయిన్ పక్కనే ఉన్నాడు. సాహెబ్ పెద్దగా అరవలేదు. మొయిన్ వైపు తాళం చెవి కోసం చేయి చాపారు, అంతే.

మర్నాడు మొయిన్ షెడ్డుకు వచ్చాడు. కొట్లాటకు వచ్చాడనుకున్నాను. కొట్లాడి ఉంటే బాగుండేది.

"అన్నా, నువ్వు నాకు ఝూట్ చెప్పవని ఒచ్చిన" అన్నాడు. "రాతిరి సంది యాది చేసుకుంటున్న. మెల్లగనే తిప్పిన అనిపిస్తది. మరి టైరు ఎట్ల పగిలింది?"

"మలుపుల జల్దీ తిప్పినవ్ భాయ్."

"సచ్ చెప్తున్నవా?"

"నేను టైరు చూసిన కద."

తన రెండు చేతులు అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

"నువ్వు చూసినవంటే అయిపాయె. ఇంక లొల్లి ఏముంది? అమ్మీజాన్ చెయ్యి ఇరగ్గొట్టింది ఈ చెయ్యే. మళ్ల దీన్ని స్టీరింగ్ మీద పెట్ట."

అన్నంత పనీ చేశాడు. జహనుమాలో బొగ్గుల దుకాణంలో తూకానికి కుదిరాడు. వేరే ఇళ్లవాళ్లు పిలిచారు, వెళ్లలేదు. ఆ చిన్న బండి బాగుచేతకు నా షెడ్డుకే వచ్చింది. పాత చిన్న చక్రాలు మళ్లీ బిగించాను. ఎందుకని ఎవరూ అడగలేదు. బోల్టు తోక కూడా అప్పుడే కోశాను. బీడీ సగం కాలేలోగా అయిపోయింది ఆ పని.

షెడ్డు పోతుందని భయపడి చెప్పానా? కొంత అదీ ఉంది. కానీ భయమే అయితే అది సాహెబ్ ముందు చెప్పిన అబద్ధంతోనే తీరిపోవాలి. మర్నాడు షెడ్డులో మేమిద్దరమే ఉన్నాం. మొయిన్‌కు నిజం చెబితే గల్లీలో చాటింపు వేసేవాడు కాదు. పోనీ అన్నా, అని నవ్వేవాడేమో కూడా. అయినా చెప్పలేదు. ఆ చక్రాలు తప్పని ఒక్క మనిషి ముందు కూడా ఒప్పుకోలేకపోయాను. అంత పొగరు నాది. సిగ్గుపడుతున్నాను.

అతను నన్ను వదిలేసినా బాగుండేది. వదల్లేదు. ఎవరి బండి చెడినా నా దగ్గరికే పంపేవాడు. "శాలిబండల సచ్ మాట్లాడే మేస్త్రీ ఒక్కడే, నా తప్పును నా మొహం మీదనే చెప్పిండు" అని పంపేవాడట. వచ్చినవాళ్లు ఆ మాట నాకు చెప్పి మరీ బండి ఇచ్చేవాళ్లు. నేను తీసుకునేవాణ్ని. నా షెడ్డు పెరిగిందంటే సగం ఆ మాటతోనే పెరిగింది.

పోయిన నెల మొయిన్ పోయాడు. జనాజాకు భుజం పట్టాను. పట్టే హక్కు నాకుందా అని ఎవరూ అడగలేదు. ఖబరస్తాన్ నుంచి తిరిగి వస్తుంటే అతని కొడుకు రహీం నా పక్కన నడిచాడు. అతనూ బొగ్గుల దుకాణంలోనే పెరిగి, జుట్టు నెరిసేదాకా అక్కడే ఉన్నాడు. "చిన్నప్పుడు నాకు మోటార్ నేర్చుకోవాలని మస్తు ఉండె చాచా" అన్నాడు. "అబ్బా నేర్చుకోనియ్యలె. మన ఖాందాన్ చెయ్యి తొందర చెయ్యి బేటా, వద్దు అనేటోడు."

అప్పటిదాకా ఒకడి బతుకే పాడుచేశాననుకున్నాను.

ఈ కాగితం మడిచి జేబులో పెట్టుకుని ఇవాళే జహనుమా వెళుతున్నాను. రహీం ముందు కూర్చుని మొత్తం చదువుతాను. తిడితే వింటాను, తలుపు వేసుకుంటే బయట నిలబడి చదువుతాను. క్షమించమని అడగను. క్షమించాల్సినవాడు మట్టిలో ఉన్నాడు, కొడుకు దగ్గర దాన్ని ఇప్పించుకోవడం మరో మోసం. అయినా రాయడం మొదలుపెట్టినప్పటి కంటే ఇప్పుడు ఛాతీలో ఊపిరి సులువుగా ఆడుతోంది. అది నాకు దక్కాల్సింది కాదేమో. కానీ ఆడుతోంది.

ఒక్క మాట మిగిలింది. అది మీకు కాదు, రహీంకు కూడా కాదు.

మొయిన్ భాయ్, ఆ రోజు అడిగినవ్ కద. నువ్వు మెల్లగనే తిప్పినవ్.