నిచ్చెనకి క్యాన్సర్ అని చెప్పింది నేనే

మా వీధిలో ఫ్యాన్లు బాగుచేసే అబ్బాయికి క్యాన్సర్ అని, డాక్టర్లు మూడు నెలలకంటే ఎక్కువ చెప్పలేమన్నారని మీరు వినే ఉంటారు. అది నిజం కాదు. అతనికి క్యాన్సర్ లేదు, ఎప్పుడూ లేదు. ఇంత గట్టిగా ఎలా చెప్తున్నానంటే, ఆ పుకారు పుట్టింది మా వరండాలో, నా నోటి నుంచే.

నేను చదివింది ఐదో తరగతి. కాగితం మీద నాలుగు మాటలు పెట్టాలంటే చెయ్యి నొప్పి పుడుతుంది. అయినా నోటితో పాడుచేసినదాన్ని మళ్ళీ నోటితో బాగుచేయబోతే ఇంకో నాలుగు వంకర్లు పోతుందని రాస్తున్నాను. రాసిందంతా అతనికి చదివి వినిపించాను. రెండు చోట్ల కొట్టేయమన్నాడు, కొట్టేశాను. ఈ పని నేను మొదటిరోజే చేసి ఉంటే ఇది రాయాల్సిన అవసరమే ఉండేది కాదు.

అతన్ని మేమంతా నిచ్చెన అంటాం. మనిషి పొట్టి. భుజం మీద నిచ్చెన అతనికి రెండింతలు. వీధి మలుపులో ముందు నిచ్చెన కనిపిస్తుంది, దాని వెనకాల తీరిగ్గా అతనొస్తాడని మా మరిది వేళాకోళం. మూడేళ్ల కిందట వచ్చి, మా ఎదురింటి మేడ మీద గదిలో దిగాడు. మూలనున్న కరెంటు సామాన్ల షాపాయన పంపిన ఇళ్లకు వెళ్లి ఫ్యాన్లు, స్విచ్చులు, వైరింగు చూస్తాడు. పని మొదలుపెట్టేముందు ఫ్యూజు పీకి జేబులో వేసుకుంటాడు. "మెయిన్ ఆపాం కదా, ఇంకా ఎందుకయ్యా?" అంటే "మీ ఇంట్లో మెయిన్ వేసే చేతులు చాలా ఉన్నాయి పెద్దమ్మా, నాకున్నది ఒక్క ప్రాణం" అనేవాడు.

ఎండలు మండిపోతున్నా ఒకదాని మీద ఒకటి రెండు చొక్కాలు వేసేవాడు. నిచ్చెన దిగుతూ సగంలో ఆగి, పక్కటెముకల మీద చెయ్యి పెట్టుకుని ఊపిరి తీసుకునేవాడు. "ఆ రెండో చొక్కా విప్పరాదూ, ఉడికిపోతావు" అంటే "అలవాటు పెద్దమ్మా" అనేవాడు. ఏ ఇంట్లో గ్యాస్ బండ ఎప్పుడు అయిపోతుందో, ఏ కోడలు ఎన్ని రోజులుగా అత్తతో మాట్లాడటం లేదో చెప్పగలిగినదాన్ని, ఆ జవాబుతో ఎలా సరిపెట్టుకున్నానో నాకే అర్థం కాదు.

ఆ రోజు మా ముందుగదిలో ఫ్యాను కిర్రుమంటోందని పిలిచాను. అతను నిచ్చెనెక్కాడు. సంచీ కుర్చీలో పెట్టాడు. సంచీ జారి కింద పడింది, అందులోంచి ఫైలు బయటికొచ్చింది అని మొన్నటిదాకా అందరికీ చెప్పాను. సంచీ జారలేదు. నేనే తీశాను. ఫైలు మీద ఆస్పత్రి బొమ్మ ఉంది, ఆ బొమ్మ చూశాక నా చెయ్యి ఆగలేదు.

వేలు పెట్టి కూడబలుక్కుని చదివాను. రొమ్ము కణజాలం తొలగింపు, రెండు వైపులా అని ఉంది. కింద తేదీ, మూడు వారాల దూరంలో. ఇంకా కింద 'రోగి వెంట ఉండేవారు' అన్నచోట పెన్సిల్‌తో 'అమ్మ' అని రాసి, పక్కన ప్రశ్నార్థకం పెట్టి ఉంది. మగవాళ్లకి కూడా రొమ్ము క్యాన్సర్ వస్తుందని ఎప్పుడో టీవీలో విన్నాను. ఇంకేముంది, లెక్క కుదిరిపోయింది. రెండు చొక్కాలు, ఆయాసం, పక్కటెముకల మీద చెయ్యి, అన్నీ వచ్చి దాన్లో కూర్చున్నాయి.

నా తలకి పైన, నిచ్చెన మీద అతను రెండు చేతులూ పైకెత్తి స్క్రూలు బిగిస్తున్నాడు. తలెత్తి, ఏమైంది నాయనా అని అడిగితే సరిపోయేది. "టీ తాగుతావా?" అని అడిగాను.

సాయంత్రం మా తోడికోడలికి చెప్పాను. "నీ ఒక్కదానికే చెప్తున్నాను" అని మరీ చెప్పాను. తర్వాత నిలదీస్తే "నేనెవరికీ చెప్పలేదక్కా, ఆ మూడిళ్లలో తప్ప" అంది. దాన్నేమనను, నేర్పింది నేనే కదా.

మర్నాటి నుంచి వీధి వీధంతా మంచిదైపోయింది. ఎవరో ఒకరు అతని భుజం మీది నిచ్చెన లాక్కుని మోసేవారు. షాపాయన మెత్తని మనిషి, "విశ్రాంతి తీసుకో, పని ఎక్కడికీ పోదు" అని పనులివ్వడం మానేశాడు. నిచ్చెన మా గేటు దగ్గర ఆగి అడిగాడు. "పెద్దమ్మా, మీకేమైనా తెలుసా? అందరూ నన్ను చూసి తల నిమురుతున్నారు."

"ఏమో నాయనా, నువ్వంటే ఇష్టం" అన్నాను. చెప్పడానికి నాకు దొరికిన రెండో అవకాశం అది.

షాపాయన అంతటితో ఊరుకోలేదు. పనిలో చేరినప్పుడు రాయించుకున్న కాగితం వెతికి, అందులో ఉన్న నంబరుకి ఫోన్ చేసి, బిడ్డకి ఇలా ఉందమ్మా అని వాళ్లమ్మకి చెప్పేశాడు. నాలుగో రోజు మధ్యాహ్నం ఒకావిడ బస్సు దిగి, చేతిలో చిన్న బ్యాగుతో మా గేటు పట్టుకుని నిలబడింది.

"ఏమండీ, కరెంటు పనులు చేసే అమ్మాయి ఇక్కడెక్కడైనా ఉంటుందా?"

"అమ్మాయెవరూ లేరండి. అబ్బాయున్నాడు. పాపం, ఒంట్లో బాగోలేదు."

ఆవిడ బ్యాగులోంచి ఫొటో తీసింది. రెండు జడలు, స్కూలు బట్టలు. ఎడమ కనుబొమ్మ మీద చిన్న గాటు. ఆ గాటు నేను మూడేళ్లుగా నిచ్చెన కింద నుంచి చూస్తున్నదే.

నేనే మేడ మీదికి తీసుకెళ్లాను. గది చూపించి వెనక్కి రావాల్సింది. గుమ్మంలో నిలబడిపోయాను. అతను నేల మీద కూర్చుని ఫ్యాను మోటారుకి కొత్త తీగ చుడుతున్నాడు. వాళ్లమ్మని చూసి లేచాడు. చేతిలోని తీగ చుట్ట దొర్లుకుంటూ మంచం కిందికి పోయింది.

"ఏమైందే నీకు? ఎవరో ఫోన్ చేసి క్యాన్సర్ అన్నారు" అంది ఆవిడ. అయిదేళ్ల తర్వాత చూడటమట. ఆ జుట్టు, ఆ సన్నమీసం చూస్తోంది గానీ అవేవీ కంటికి ఆనడం లేదు.

"క్యాన్సరా? లేదమ్మా. ఎవరన్నారు?"

"నిజంగా లేదా?"

"లేదు."

ఆవిడ మంచం మీద కూలబడి నవ్వింది, ఏడ్చింది. కాసేపటికి "మరి ఆపరేషన్ ఉందన్నారే?" అంది.

అప్పుడతను గుమ్మంలోకి, నావైపు చూశాడు. ఒక్కసారే. ఫ్యాను కింద టీ తాగిన రోజు గుర్తొచ్చిందని నాకు తెలిసిపోయింది.

"ఈ ఆదివారం ఇంటికొచ్చి చెప్దామనుకున్నానమ్మా, టికెట్ కూడా తీసుకున్నాను" అన్నాడు. తర్వాత చెప్పాడు. చిన్నప్పటి నుంచీ తను ఆడపిల్లని కాదని తనకి తెలుసట. గొంతు మారడానికి, మీసం రావడానికి రెండేళ్లుగా మందులు వాడుతున్నాడట. ఛాతీ కనపడకుండా బిగుతైన బనీను వేసుకుని, దాని మీద రెండు చొక్కాలు తొడుక్కుంటున్నాడట. ఈ ఆపరేషన్ అయితే ఇక ఆ బిగింపు ఉండదట. "నువ్వు పక్కనుంటావేమో అడుగుదామనుకున్నాను" అన్నాడు.

"ఫోన్లో నీ గొంతు మారితే జలుబన్నావు కదే."

"జలుబు కాదమ్మా."

ఆవిడ బ్యాగు ఒళ్లోకి లాక్కుంది. "అయితే ఆ జబ్బే అయినా బాగుండేది" అంది.

ఈ మాట కొట్టేస్తానన్నాను. ఉండనివ్వండి అన్నాడు.

ఆవిడ అతని గదిలో మంచినీళ్లు కూడా తాగలేదు. మెట్ల మీద కూర్చుని, నా కూతురు మగాడినంటోందని పైకే ఏడ్చింది. ఒక్కొక్క తలుపే తెరుచుకుంది. అతను తన తల్లికొక్కదానికే చెప్దామని దాచుకున్న విషయం అలా వీధికంతా తెలిసింది.

వారం రోజులు అతను మా గడప తొక్కలేదు. మా ఫ్యాను మళ్ళీ కిర్రుమనసాగింది. దాన్ని బాగుచేయమని ఇంకొకర్ని పిలవడానికి నాకు మనసొప్పలేదు. ఎనిమిదో రోజు నేనే మేడెక్కాను.

"నీతో ఎవరొస్తున్నారు ఆస్పత్రికి?"

"ఎవరూ లేరు. ఎవరూ రాకపోతే తేదీ మార్చేస్తారు. ఆ తేదీ కోసం ఏడాదిన్నరగా చూస్తున్నాను."

"నేనొస్తాను."

అతను స్క్రూడ్రైవర్ అటూ ఇటూ తిప్పాడు. "అక్కడ విన్నదంతా వీధిలో చెప్తారు మీరు."

"చెప్పను నాయనా."

"మీ వల్ల కాదు పెద్దమ్మా. చెప్పండి. కానీ విన్నది విన్నట్టు చెప్పండి."

అందుకని విన్నది విన్నట్టు చెప్తున్నాను.

ఆపరేషన్‌కి ముందు కూర్చోబెట్టి మాట్లాడిన డాక్టరమ్మ కళ్లజోడు నెత్తి మీద పెట్టుకుని, దానికోసం బల్లంతా వెతుక్కునే మనిషి. "మీరేమవుతారు?" అంది. "పెద్దమ్మని" అన్నాను. నిచ్చెన ఫైలు తెరిచి రబ్బరుతో 'అమ్మ' తుడిచి, పెన్నుతో 'పెద్దమ్మ' అని రాశాడు. ప్రశ్నార్థకం కూడా తుడిచేశాడు. ఆ కాగితం మీద రబ్బరు పొట్టు ఊదేసింది నేనే.

డాక్టరమ్మ చెప్పింది. ఒంట్లోంచి రెండు సన్నటి గొట్టాలు బయటికి పెడతారు, చెడు నీరు వాటిలోకి దిగుతుంది, వారం దాకా ఉండొచ్చు. తర్వాత కొన్ని వారాలు గట్టి బనీను రాత్రీ పగలూ విప్పకూడదు. తలకింద ఎత్తు పెట్టుకుని వెల్లకిలా పడుకోవాలి. ఆరు వారాలు చేతులు భుజం కంటే పైకెత్తకూడదు, బరువు మోయకూడదు. "ఏం పని చేస్తారు?" అని అడిగి, జవాబు విని, "అయితే మీ పని మొత్తం చేతులు పైకెత్తేదే" అంది. మచ్చలు మిగులుతాయి, ఏడాది దాకా ఎర్రగా ఉండి తర్వాత పాలిపోతాయి. చర్మానికి స్పర్శ కొంత పోవచ్చు, కొందరికి తిరిగొస్తుంది, కొందరికి రాదు. కుదరకపోతే చిన్న సవరింపు మళ్ళీ చేయాల్సి రావొచ్చు. జ్వరమొచ్చినా, ఒకవైపు ఉన్నట్టుండి ఉబ్బినా వెంటనే రావాలి. మొదటి వారాల్లో ఊరికే ఏడుపొస్తుంది, దానర్థం తప్పు చేశామని కాదు.

నేను ఊరుకుంటానా. "రేపు మనసు మారితేనో?" అన్నాను.

"తీసింది మళ్ళీ రాదమ్మా. అందుకే ఇన్నాళ్లుగా మాట్లాడుతున్నాం, మనసు చూసే డాక్టర్ కూడా మాట్లాడి సరేనని ఉత్తరమిచ్చారు. ఆ రోజు పొద్దున బల్ల మీద పడుకున్నాక వద్దన్నా ఆపేస్తాం. ఎవరూ ఏమీ అనరు."

"ఇది చేస్తేనే మగవాడవుతాడా?"

డాక్టరమ్మ అతని వైపు చూసింది. జవాబు అతనే చెప్పాడు. "కాదు పెద్దమ్మా. కొందరికి మందులు చాలు, కొందరికి అవీ అక్కర్లేదు. నాకిది కావాలి. నిచ్చెన మీద ఊపిరాడాలి."

ఆపరేషన్ బాగా జరిగింది. గొట్టాల చివరి డబ్బాలు నేనే ఖాళీ చేశాను. మూడో రోజు పొద్దున అతను మొహం గోడవైపు తిప్పుకుని ఏడ్చాడు. డాక్టరమ్మ ముందే చెప్పింది గదా అని నాకు నేను చెప్పుకున్నాను. కానీ ఆ ఏడుపులో నా వాటా ఎంతో ఆవిడ చెప్పలేదు.

ఇప్పుడు అయిదో వారం. అతను మోసే అసలు నిచ్చెన మా మెట్ల కింద దుమ్ము పట్టి ఉంది. మనిషి ఒకే చొక్కాతో, పై గుండీ విప్పుకుని, మా ముందుగది కుర్చీలో కూర్చుంటాడు. మొన్న మా మరిదిని బల్లెక్కించి, మా ఫ్యాను విప్పించాడు. "ఎడమది బాబాయ్. మీ ఎడమ, నా ఎడమ కాదు. ఫ్యూజు జేబులో ఉందా? అబ్బ, చూపించండి" అంటూ నవ్వించాడు. నవ్వితే ఇంకా కుట్టు లాగుతుందట. ఛాతీ మీద చెయ్యి అదిమిపెట్టుకుని మరీ నవ్వాడు.

ఆదివారం ఆదివారం వాళ్లమ్మకి ఫోన్ చేస్తాడు. ఆవిడ ఎత్తదు. "కట్ చేయడం లేదు పెద్దమ్మా, చివరిదాకా మోగనిస్తోంది" అంటాడు, అదేదో శుభవార్తలాగా. నేను వంటింట్లోకి వెళ్లిపోతాను.

నిన్న మధ్యాహ్నం టీ పెడుతుంటే వెనకాలే వంటింట్లోకి వచ్చాడు. ఊళ్లో అందర్నీ అన్నీ అడిగిన నోరు అతన్ని ఒక్కటి మాత్రం ఇన్నాళ్లూ అడగలేదు. స్టవ్ వైపే చూస్తూ అడిగాను.

"నాయనా, మీ అమ్మ నీకు దూరమైంది నా వల్లేనా?"

అతను కాసేపు ఆలోచించాడు. ఫ్యానులో ఏ తీగ పోయిందో వెతికేటప్పుడు ఎలా ఆలోచిస్తాడో అలాగే.

"ఆదివారం నేనే చెప్పినా ఏడ్చేదేమో. అదే మాట అనేదేమో. అది మీ మీద వెయ్యను. కానీ నేను చచ్చిపోతానన్న మాట ముందు విని, ఆ తర్వాత నేను చెప్పింది వింది. అది మాత్రం మీ వల్లే పెద్దమ్మా. ఆ పై అరలో గ్లాసు ఇటివ్వండి, నాకింకా చెయ్యి అంత పైకి లేవదు."