డ్యామ్ యాత్రలో ఒక డ్రమ్ము నీళ్ళు

గోదావరి మీద కడుతున్న డ్యామ్ చూపించడానికి ఉచితంగా బస్సు వేస్తున్నారని తెలియగానే మా వీధిలో అందరికీ ఒక్కసారిగా దేశభక్తి పొంగింది. నేను ద్రాక్షారామం దగ్గర ఒక హైస్కూల్లో లెక్కలు చెప్తాను. ఆదివారం ఇంట్లో ఉంటే పరీక్ష పేపర్లు దిద్దాలి కాబట్టి నాకూ పొంగింది. తోడికోడలిని వెంటబెట్టుకుని బస్సెక్కాను. మొత్తం నలభై మందిమి. మనిషికో పులిహోర పొట్లం, ఒక నీళ్ళ సీసా.

అక్కడ మైకు పట్టుకున్నాయన డ్యామ్ పొడవు, ఎత్తు, గేట్ల బరువు గడగడా అప్పజెప్పాడు. మునిగిన ఊళ్ళ సంగతి ఆయన చెప్పలేదు, మేమూ అడగలేదు. "ఇక మన డెల్టాలో దాళ్వా పంటకి నీటి కొరతన్న మాటే ఉండదండీ!" అనగానే అందరం చప్పట్లు కొట్టాం. మాకు సెంటు పొలం లేదు. అయినా గట్టిగానే కొట్టాను.

తిరుగు దారిలో భోజనాలకని బస్సు ఒక కాలనీ దగ్గర ఆపారు. ముంపు ఊళ్ళవాళ్ళకి కట్టిన కాలనీ అది. అన్నీ ఒకే కొలత, ఒకే రంగు ఇళ్ళు. సాయంత్రం తాగొచ్చినవాడు తన ఇల్లు పోల్చుకోవడం కష్టమే. మొదటి ఇంటి మామ్మగారు మమ్మల్ని చూడగానే లేచి వసారాలో చాప పరిచింది.

"ఎండనపడి వచ్చేరు, నీడలో కూచోండమ్మా."

తిన్నాక చేతులన్నీ నూనె. గుమ్మం పక్కన మూత పెట్టిన నీలం డ్రమ్ము కనిపించింది. మా తోడికోడలు మూత తీసేసింది.

"మామ్మగారూ, కాసిని నీళ్ళు వాడుకుంటామండీ."

"దానికేముందమ్మా, వాడుకోండి."

ఇంకేముంది, వరస కట్టేశాం. చేతులు కడుక్కున్నాం, కాళ్ళు కడుక్కున్నాం. ఒకావిడ చెప్పులు కూడా కడుక్కుంది. నేను మొహం కడుక్కున్నాను, రెండుసార్లు. చివరికి చెంబు డ్రమ్ము అడుగుకి తగిలి ఖంగుమంది. ఖాళీగా ఉంచడం బాగుండదని, నింపి పెడదామని వాకిట్లో కుళాయి తిప్పాను.

"అది తిప్పకండమ్మా, ఊడొచ్చేస్తది," అంది మామ్మ. "పెట్టి మూడేళ్ళయ్యింది. దాంట్లో చుక్క రాలేదు."

"మరి ఈ డ్రమ్ములో నీళ్ళు?"

"ట్యాంకరు నీళ్ళండి. నిన్నొచ్చింది. మళ్ళీ ఎల్లుండి వస్తది."

నా మొహం ఇంకా తడిగానే ఉంది. "మేం వాడేస్తుంటే చెప్పలేదేంటి మామ్మా?"

"ఇంటికొచ్చినోళ్ళని నీళ్ళకాడ ఆపుతామేంటమ్మా? మా ఊళ్ళో పెరటి మెట్లు దిగితే గోదారే. ఎవరు ఎన్ని ముంచుకెళ్ళినా అడిగేవోళ్ళం కాదు."

బస్సులో ఇంకా రెండు అట్టపెట్టెల నీళ్ళ సీసాలున్నాయి. పరిగెత్తి మమ్మల్ని తీసుకొచ్చినాయన్ని అడిగాను.

"అవి రాజమండ్రి దాకా మీకేనండీ. దారిలో మళ్ళీ మీరే దాహమంటారు," అన్నాడు.

నా సీసా, మా తోడికోడలు సగం తాగిన సీసా పట్టుకెళ్ళి మామ్మ చేతిలో పెట్టాను. ఆవిడ రెండూ పైకెత్తి చూసింది. "వీటితో అన్నం వండమంటారా, పప్పు వండమంటారా?" అని నవ్వింది. తిట్టినా బాగుండేది.

బస్సెక్కి అందరికీ చెప్పాను. "అయ్యో పాపం," అన్నారు మిగతా ముప్ఫై తొమ్మిది మందీ. అయ్యో పాపాలతో డ్రమ్ము నిండేట్టయితే అప్పుడే పొంగి పొర్లిపోయేది. డ్రైవరు మాత్రం లేచి, ఎవర్నీ అడక్కుండా రెండు పెట్టెలూ భుజాన వేసుకెళ్ళి మామ్మ గుమ్మంలో దింపి వచ్చాడు. రాజమండ్రి దాకా జనం అతని మీద సణుగుతూనే ఉన్నారు. దాహంతో ప్రాణం పోతోందన్నారు. బ్రిడ్జి ఎక్కగానే దాహం సంగతి మరిచిపోయి, కిటికీల్లోంచి ఫోన్లు బయటపెట్టి నిండు గోదావరిని వీడియోలు తీసుకున్నారు.

మర్నాడు మా హెడ్మాస్టరు గారు, డ్యామ్ గొప్పతనం గురించి ప్రేయర్‌లో పిల్లలకి రెండు ముక్కలు చెప్పమన్నారు. నేను మేం చేతులు కడుక్కున్న సంగతి చెప్పాను.

"ఎత్తూ పొడవూ చెబుతారనుకున్నానండీ," అన్నారు హెడ్మాస్టరు గారు, స్టాఫ్ రూమ్‌లో కాస్త నొచ్చుకుని.

ఆ తర్వాత ఆయన నన్నెప్పుడూ ప్రేయర్‌లో మాట్లాడమనలేదు.