మరవ మీద రాళ్లు

నా చిన్నప్పుడు మా ఊళ్లో వాన కోసం ఏడ్చినోళ్లే గానీ, వానకు భయపడినోళ్లు లేరు. కంబదూరు దిక్కు పల్లె మాది. చెరువు నిండితే మిగులు నీళ్లు పొర్లిపోయే చోటును మరవ అంటాము. నీళ్లు అట్ల పొర్లిపోతాంటే మావాళ్లకు కడుపు మండేది. ఇంకో నెల నీళ్లుంటాయి కదా అనే ఆశతో మరవ మీద రాళ్లు పేర్చి, మట్టి మెత్తి, మూరెడు ఎత్తు లేపినారు. కరువు చూసినోళ్లు ఇంకేం చేస్తారు, వాళ్లనూ అనలేము.

ఆ యేడు ముసురు పట్టి వదల్లేదు. నీళ్లు కట్ట అంచుదాకా వచ్చినాయి. కట్ట కింద గొర్రెలు కాచేవాళ్ల గుడిసెలుండేవి. వాళ్లు వచ్చి, కట్టలో నీళ్లు ఊరుతాండాయి, రాళ్లు తీయించు సామీ అని మా పెదనాయన కాళ్లావేళ్లా పడినారు. ఆయప్పే అప్పుడు సర్పంచి. చెరువు నీళ్లతో వరిమడులు పండించే పైవీధోళ్లంతా మా బంధువులే, వాళ్లు ఒప్పుకోలేదు. కట్ట తాతలనాటిది, తెగదన్నారు. "తాలూకాఫీసు నుంచి ఆర్డరు రానీ, అప్పుడు చూద్దాం" అన్నారు. ఆర్డరు యాడ నుంచి వస్తాది? వంక పొంగి దారే తెగిపోయింది. ఆ సంగతి వాళ్లకూ తెలుసు.

పెదనాయన అరవలేదు, బతిమాలలేదు. ఇంటికొచ్చి మా అవ్వ పడుకున్న నులక మంచాన్ని ఒక పక్క పట్టుకొని, ఇంకో పక్క మా నాయనను పట్టమన్నాడు. అవ్వ ఆ ఇద్దరికీ అమ్మ, ఊరికంతా పెద్దది. పైవీధిలో సగం మందికి కాన్పులు చేసిన చేయి. అప్పటికి లేవలేని స్థితి. గోనెపట్ట కప్పి, వానలో వీధెంబడి మోసుకుపోయి, కట్ట కింద మొదటి గుడిసెలో దించినారు. నేను ఆమె ఆకువక్క సంచి పట్టుకొని వెనకాలే పోయినా.

"ఏమప్పా, నన్ను చంపేదానికి తెచ్చినావా?" అనింది అవ్వ.

"లేదమ్మా, వీళ్లను బతికించేదానికి."

అవ్వ నా దిక్కు చూసి, "అట్లయితే ఆకూ వక్కా ఇయ్యి" అనింది.

గుడిసె వాకిట్లో నుంచి చూస్తే కట్ట తప్ప ఆకాశం కనపడదు. ఆ ఇంట్లో నా ఈడు పిల్ల ఒకతి ఉండేది. రోజూ ఆ కట్టనే చూస్తా ఈ పిల్ల అన్నం తింటాండాది కదా అనిపించింది.

మధ్యాహ్నానికి పైవీధి మగోళ్లు గడ్డపారలతో దిగినారు. పెదనాయనను నోటికొచ్చినట్లు తిడతానే రాళ్లు లాగేసినారు. నీళ్లు రంకెలేసుకుంటా వంకలోకి పోయినాయి. కట్ట నిలిచింది.

మెచ్చుకున్నారనుకుంటున్నారా? ఎండాకాలంలో చెరువు బీటలు తీసినప్పుడు నీళ్లు పారబోసిన సర్పంచి అని పేరు పెట్టినారు. తర్వాతి ఎలక్షన్లో ఓడగొట్టినారు కూడా. నాకు ఏడుపొచ్చింది. ఆయన మాత్రం, "నిర్ణయం చేసేవాని ఇల్లు కట్ట కింద ఉండాల తల్లీ, లేకుంటే వాడు ఆర్డరు కోసం కూచుంటాడు" అన్నాడు.

ఇప్పుడు పంచాయతీకి పక్కా ఆఫీసుంది, కంప్యూటరుంది. మొన్న వానలకు మళ్లీ మరవ మీద ఇసుక మూటలు పేర్చినారు. కట్ట కింద ఇప్పుడు రేకుల ఇండ్లు. ఇప్పటి సర్పంచి చిన్న వయసు పిల్లోడు, వాణ్ని అడిగితే, "పైకి ఫోన్ చేసినామవ్వా, ఇంకా ఏమీ చెప్పలేదు" అన్నాడు. మంచోడే పాపం. చేతిలో అధికారం లేదు, వాని మాట వినేవాడు లేడు. ఎన్ని తూర్లని చెప్పేది? నాకూ విసుగొచ్చేసింది, నడుమూ వంగిపోయింది. అయినా ఇంటికొచ్చి, కొడుకునూ మనవణ్నీ పిలిచి నా మంచం పట్టుకోండి అన్నా.

"యాడికవ్వా ఈ వానలో?" అన్నాడు మనవడు.

"కట్ట కిందికి. ఆకువక్క సంచి మర్చిపోవద్దు."